సంతకమునకు యోగ్యత

నెల్లూరు జిల్లాలోని ఒక రైతు, తన తండ్రి నాటినుండి సాగులోనున్న రెండెకరముల మాగాణిని గూర్చి క్రింది సివిలు కోర్టులో గెలిచి, జిల్లా కోర్టులో ఓడి, రెండవ అప్పీలు పట్టుకొని అమరావతిలోని హైకోర్టు వరకు పోయి, అచ్చటను ఓడిపోయెననుకొందము. ఇక మిగిలినది సుప్రీంకోర్టు. మొదటినుండి తన వ్యాజ్యపు పూర్వోత్తరములన్నియు ఎరిగిన ప్లీడరునే ఢిల్లీకి పంపవలెనని అతడు తలచుట సహజము. కాని ఆ ప్లీడరునకు గాని, హైకోర్టులో వాదించిన న్యాయవాదికి గాని, ఆ మాటకు వచ్చిన దేశమంతట పేరు మోసిన సీనియరు న్యాయవాదికి గాని, సుప్రీంకోర్టులో ఆ పిటిషనును దాఖలు చేయు అధికారము లేదు. దాఖలు చేయవలసినది అడ్వొకేట్-ఆన్-రికార్డు అను వేరొక న్యాయవాది. ఢిల్లీ కోర్టు వర్గములలో ఏఓఆర్ అని మూడక్షరములతో వ్యవహరింపబడు ఈ హోదా, సుప్రీంకోర్టు తానే నిర్వహించు ఒక కఠినమైన పరీక్షలో నెగ్గినవారికి లభించును. ఆ పరీక్ష ఎట్టిదో, దాని కాఠిన్యమునకు కారణమేమో న్యాయవాదులే గాక సామాన్య పాఠకులును తెలిసికొనదగియున్నది. ఏలయనగా అది ఏర్పడినది ముఖ్యముగా ఆ రైతు వంటివారి రక్షణ కొరకు.

సుప్రీంకోర్టు నియమావళి నాలుగవ ఆర్డరు ప్రకారము, కక్షిదారుని పక్షమున వకాల్తా దాఖలు చేయుటకును, పిటిషనులు వేయుటకును, కోర్టు పంపు నోటీసులు అందుకొనుటకును అడ్వొకేట్-ఆన్-రికార్డు ఒక్కనికే అధికారము కలదు. తన కేసును తానే నడుపుకొందునను కక్షిదారునకు అడ్డులేదు. తక్కిన న్యాయవాదులు వాదింపవచ్చును గాని, అడ్వొకేట్-ఆన్-రికార్డు కోరినపుడో, న్యాయస్థానమే అనుమతించినపుడో మాత్రమే వాదింపవలయును. ఎంతటి సీనియరు న్యాయవాదియైనను అడ్వొకేట్-ఆన్-రికార్డు ప్రక్కన లేనిదే ఆ న్యాయస్థానమున నోరు విప్పుటకు వీలులేదు. అధికారమెంతటిదో బాధ్యతయు అంతటిదే. కోర్టుకు చెల్లింపవలసిన రుసుములకు అతడు స్వయముగా పూచీదారు. ప్రతి కక్షిదారునుండి పుచ్చుకొన్న సొమ్మునకును, వారి నిమిత్తము వెచ్చించిన సొమ్మునకును వేర్వేరుగా లెక్కలు వ్రాసియుంచవలయును. దాఖలైన కాగితములో అసత్యమున్నచో న్యాయమూర్తులు మొట్టమొదట పిలుచునది అతనినే. వాదన ఎవరు చేసినను, జవాబు చెప్పవలసినది సంతకము చేసినవాడు.

న్యాయవాదులలో ఇట్టి అంతరములు మన దేశమునకు క్రొత్తవి కావు. బ్రిటిషు పరిపాలనా కాలమున ప్లీడర్లలో తరగతులుండెడివి, వకీళ్లుండిరి, అందరికంటె పైన, ఇంగ్లండులో పట్టా పొందివచ్చిన బారిస్టర్లుండిరి. రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా మంచి రాబడియు, పురపాలక సంఘాధ్యక్షునిగా గౌరవమును సంపాదించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు, ఆ తరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు అర్హత లేనందున, సాగుచున్న వృత్తిని విడిచి 1904లో ఇంగ్లండు పోయి, బారిస్టరై మరలివచ్చి 1907లో మద్రాసు హైకోర్టున ప్రవేశించిరి. శక్తిసామర్థ్యములు పుష్కలముగానున్న మనుష్యుని సైతము ఒక పట్టా కొరత జిల్లా కోర్టు ద్వారముననే నిలిపివేసిన కాలమది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ఈ తారతమ్యములను చాలవరకు తొలగించి, దేశమంతటికిని అడ్వొకేటు అను ఒకే వర్గము నేర్పరచి, అందు సీనియరులని, ఇతరులని మాత్రమే భేదము పాటించెను. అట్లయ్యు అదే చట్టములోని 52వ సెక్షను, తన యెదుట ఎవరు ఏ రీతిగా పనిచేయవలెనో నిర్ణయించుకొను సుప్రీంకోర్టు అధికారమును యథాతథముగా నిలిపియుంచినది.

ఇచ్చట ఒక స్త్రీమూర్తిని స్మరింపక ముందుకు సాగుట న్యాయము కాదు. 1962లో సుప్రీంకోర్టు తన నియమములను సవరించి, అడ్వొకేట్-ఆన్-రికార్డు కాదలచినవారు పరీక్షలో ఉత్తీర్ణులు కావలెనని శాసింపగా, లిల్లీ ఇసబెల్ థామస్ అను కేరళ న్యాయవాది ఆ నియమమునే ప్రశ్నించుచు ఆ న్యాయస్థానమునే ఆశ్రయించెను. అడ్వొకేటుగా నమోదైన తనకు వృత్తి సాగించు హక్కు చట్టమే ఇచ్చియుండగా, మరల పరీక్ష పెట్టుటకు న్యాయస్థానమునకు అధికారమెక్కడిదని ఆమె వాదము. 1964 జనవరిలో తీర్పు వెలువడినది. రాజ్యాంగములోని 145వ అధికరణము న్యాయస్థానమునకిచ్చిన నియమ నిర్మాణాధికారము, ఎవరు వృత్తి సాగింపవచ్చునో నిర్ణయించుటకు సైతము వర్తించునని న్యాయమూర్తులు తేల్చి ఆమె పిటిషనును త్రోసిపుచ్చిరి. ఆమె ఓడెను, పరీక్ష నిలిచెను. అయినను ఆ ఓటమితో ఆమె పోరాటము ముగియలేదు. రెండవ వివాహము కొరకై మతము మార్చుకొను మోసమునకు వ్యతిరేకముగా 2000లో వచ్చిన తీర్పును, నేరము రుజువై రెండేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడిన శాసనకర్తలు తక్షణమే పదవి కోల్పోవలెనని 2013లో వచ్చిన తీర్పును ఆమె పేరుమీదనే ప్రసిద్ధములైనవి. ఏ పరీక్షను ఆమె ఎదిరించినదో ఆ పరీక్షకు చదువు నేటి అభ్యర్థులందరును ఆమె కేసును ఎరిగియుండవలసినదే.

ఈ పరీక్షను, లా పట్టా పుచ్చుకొన్న ప్రతివారును వ్రాయు అఖిల భారత బార్ పరీక్షతో కలిపి చూడరాదు. అది వృత్తిలో ప్రవేశించువారి కనీస జ్ఞానమును పరిశీలించుటకై బార్ కౌన్సిలు పెట్టినది. సరియైన జవాబును గుర్తించుటతో సరిపోవును. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనము దానిని సమర్థించినది. అడ్వొకేట్-ఆన్-రికార్డు పరీక్షకు కూర్చొనువారు, అంతకు మున్నే బార్ కౌన్సిలు జాబితాలో నాలుగు సంవత్సరములు నిండినవారు. ఆ పిమ్మట, కనీసము పది సంవత్సరముల అనుభవముగల ఒక అడ్వొకేట్-ఆన్-రికార్డు వద్ద ఒక సంవత్సరము శిక్షణ పొందినవారు. అనగా వీరు కోర్టులలో వాయిదాలకు తిరిగి, కక్షిదారుల కష్టములు విని, తీర్పుల తీపిచేదులు చవిచూచిన మనుష్యులు. అట్టివారిని మరల విద్యార్థి బల్లపై కూర్చుండబెట్టి, నాలుగు దినములు, దినమునకొక పత్రము చొప్పున, ఒక్కొక్కటి మూడు గంటలసేపు చేతివ్రాతతో వ్రాయించుచున్నారు.

మొదటి పత్రము సుప్రీంకోర్టు విధివిధానములు. చూచుటకు శుష్కమైన విషయమే గాని, మన రైతు వ్యాజ్యము బ్రతుకునో చచ్చునో అనేక పర్యాయములు ఇచ్చటనే తేలిపోవును. హైకోర్టు తీర్పుపై స్పెషల్ లీవ్ పిటిషను వేయుటకు గడువు 90 దినములు. ఆ గడువు ఏనాటినుండి లెక్కింపవలెను, తీర్పు నకలు కొరకు వేచియున్న దినములను ఎట్లు మినహాయింపవలెను, ఆలస్యమైనచో మన్నింపుమని ఏ విధముగా వేడుకొనవలెను అనునవి తెలియనివాని చేతిలో ఎంతటి న్యాయమైన కేసైనను గడప దాటదు. దాఖలైన పిటిషనును రిజిస్ట్రీవారు పుటపుటయు పరిశీలించి లోపములు ఎత్తిచూపుదురు. వాటిని సవరించి మరల దాఖలు చేయుటకును గడువు కలదు. తీర్పుపై పునఃపరిశీలన కోరిన పిటిషను సామాన్యముగా బహిరంగ వాదన లేకయే, తీర్పు చెప్పిన న్యాయమూర్తుల గదులలోనే పరిష్కృతమగును. అదియు విఫలమైనపుడు మిగులు కడపటి మార్గము, 2002లో రూపా అశోక్ హుర్రా కేసున న్యాయస్థానము కల్పించిన క్యూరేటివ్ పిటిషను. దానికి సీనియరు న్యాయవాది ధ్రువపత్రము జతపరుపవలయును. ఈ మెట్లలో ఏది దేనికి ముందో, ఏది ఎవరి యెదుటికి పోవునో తడబాటు లేకుండ చెప్పగలిగినవాడే ఈ పత్రమున నెగ్గును.

నాలుగింటిలోను హృదయస్థానము రెండవ పత్రమైన డ్రాఫ్టింగునకే చెందునని నా అభిప్రాయము. ఒక వృత్తాంతమును పేరాలలో ఇచ్చి, దానిని ఆధారముగా పిటిషనును సంపూర్ణముగా వ్రాయుమందురు. తెలుగువారికి సన్నిహితమైన ఉదాహరణ నొకదానిని తీసికొందము. భర్త హైదరాబాదు కుటుంబ న్యాయస్థానమున విడాకుల దావా వేసెను. భార్య చంటిబిడ్డతో విజయవాడలోని పుట్టినింట నున్నది. సుమారు 270 కిలోమీటర్ల దూరము ప్రతి వాయిదాకును ఆమె పోవలసివచ్చుచున్నది. ఉమ్మడి రాష్ట్రమున ఇట్టి కేసు బదిలీ హైకోర్టులోనే జరిగిపోయెడిది. 2014లో రాష్ట్రము రెండగుటచేతను, 2019 జనవరి 1వ తేదీనుండి హైకోర్టులు వేరగుటచేతను, ఆ దావాను విజయవాడకు మార్పింపవలెనన్న సివిలు ప్రొసీజరు కోడు 25వ సెక్షను క్రింద సుప్రీంకోర్టుకే పోవలయును. ఒకప్పుడు ఒకే రాష్ట్రములోని రెండు పట్టణముల నడుమ నడచిన వ్యవహారమునకు ఇప్పుడు ఢిల్లీలో ఒక అడ్వొకేట్-ఆన్-రికార్డు సంతకము కావలసివచ్చినది. ఎందరో తెలుగు ఆడపడుచులు ఈ పరీక్ష నెగ్గినవారి అవసరమును ఇట్లే మొదటిసారి ఎరుగుచున్నారు.

ఇట్టి పిటిషను వ్రాయునపుడు అభ్యర్థి చూపవలసిన నేర్పు ఏమి? మొదట సంగ్రహమును, తేదీల పట్టికయు వ్రాయవలయును: వివాహము జరిగిన దినము, బిడ్డ పుట్టిన దినము, ఆమె పుట్టింటికి చేరిన దినము, దావా పడిన దినము, దాని నంబరు. ఊపిరాడని పనిలోనున్న న్యాయమూర్తి ఆ పట్టికను చూచినంతనే కథ యావత్తును గ్రహింపవలెను. తరువాత కారణములు: ఆమెకు స్వంత సంపాదన లేదు, తోడు వచ్చు మగదిక్కు లేదు, మనోవర్తికై విజయవాడలోనే మరియొక కేసు నడచుచున్నది గనుక భర్త ఎట్లును అచ్చటికి రావలసినవాడే. ఈ చివరి మాటను గుర్తుంచుకొని వ్రాసినవానికిని, కన్నీళ్లను గూర్చి పేజీ నింపినవానికిని మార్కులలో ఎంతో వ్యత్యాసముండును. ఆపైన ప్రార్థన, ఆపైన విచారణ నిలుపుదలకై మధ్యంతర దరఖాస్తు, తుదకు అఫిడవిటు. కోరవలసినది కోరుట మరచిన పిటిషను ఎంత చక్కగా వ్రాయబడినను నిష్ప్రయోజనమే. స్పెషల్ లీవ్ పిటిషను విషయమున మరియొక చిక్కు కలదు. క్రింది న్యాయస్థానములలో లేని క్రొత్త సంగతిగాని, క్రొత్త దస్తావేజుగాని ఇందు చేర్చలేదని అడ్వొకేట్-ఆన్-రికార్డు తానే ధ్రువపత్రము వ్రాసి సంతకము చేయవలయును. కక్షిదారుడు చెప్పినదెల్ల వ్రాసిపెట్టు అలవాటున పెరిగిన న్యాయవాదికి, ఏది విడువవలెనో నేర్చుకొనుట ఈ పత్రమున కష్టతమమైన పాఠము.

మూడవది వృత్తి ధర్మము. అడ్వొకేట్ల చట్టములోని 35వ సెక్షను, బార్ కౌన్సిలు నియమములు, వాటిపై వచ్చిన తీర్పులు ఇందలి సామగ్రి. వీనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది 2000లో వెలువడిన ఒక తీర్పు. మధ్యప్రదేశమున ఒక సహకార బ్యాంకు తన న్యాయసలహాదారుని మార్చుకొని, అతని యొద్దనున్న కేసు ఫైళ్లను తిరిగి ఇమ్మని కోరగా, తనకు రావలసిన ఫీజు చెల్లించువరకు ఇయ్యనని అతడు భీష్మించెను. పని చేసినవానికి ఫీజు రావలసినదే. ఆ బాకీకై దావా వేయు హక్కును అతనికి కలదు. కాని ఫైళ్లు అమ్ముకొనదగిన సరుకు కావనియు, కక్షిదారుడు తన న్యాయవాదిని మార్చుకొను స్వేచ్ఛ కాగితములను పట్టియుంచుటచే హరింపబడరాదనియు సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఊరి ప్లీడరు బీరువాలో చిక్కుబడిన దస్తావేజుల కొరకు కాళ్లరుగునట్లు తిరిగినవారు మన జిల్లాలలో లేకపోలేదు. వారికి ఈ తీర్పు తెలియవలసిన ఆవశ్యకత ఎంతయో కలదు. పరీక్షలో దీనిపై ప్రశ్నకు జవాబు వ్రాసిన న్యాయవాది, రేపు తన బీరువా తాళము చేతనుండగా దానిని స్మరించునా అనునదే అసలు పరీక్ష.

నాలుగవ పత్రము ప్రముఖ తీర్పులు. న్యాయస్థానము ప్రకటించు పట్టికలోని తీర్పులనుండి ప్రశ్నలు వచ్చును. వానిలో ప్రధానమైన కేశవానంద భారతి కేసును 13 మంది న్యాయమూర్తులు 68 దినములు విని, 1973 ఏప్రిల్ 24వ తేదీన 11 వేర్వేరు తీర్పులు వ్రాసిరి. అంతటి అరణ్యములో, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు సైతము మార్పరాదను సిద్ధాంతము ఏడుగురి మాటలలో ఎచ్చట ఏకీభవించినదో కనుగొని, దానినొక పుటలో వ్రాయుట సామాన్య సాధన కాదు. ఆ కథ సంపూర్ణముగా తెలియవలెనన్న, దానికి ముందు 1967లో మన రాజమహేంద్రవరమున జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి నాయకత్వమున 11 మంది ధర్మాసనము, ఆరుగురైదుగురుగా చీలి, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గింపజాలదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పును చదువవలయును. ఆ తీర్పు తరువాత త్రోసివేయబడినది నిజమే. అయినను, పార్లమెంటు సవరణాధికారమునకు హద్దు కలదా యను ప్రశ్న మరల మరుగున పడలేదు. కంఠస్థము చేసిన పేర్లును, సంవత్సరములును ఈ పత్రమున కొంతదూరమే తీసికొనిపోవును. ఏ సంగతులపై ఏ సూత్రము స్థిరపడెనో విడదీయగలుగుట ముఖ్యము.

ఒక్కొక్క పత్రమునకు 100 మార్కులు. ఒక్కొక్కదానిలో 50 రావలయును. ఇంతవరకు సులభముగనే తోచును. కాని నాలుగింటి మొత్తము 400లో 240 తప్పనిసరి. ప్రతి పత్రమునను 50 చొప్పున సంపాదించినవానికి మొత్తము 200 మాత్రమే గనుక, అతడు దేనిలోను తప్పకయే తప్పినవాడగును. ఎందరో ఈ 40 మార్కుల అంతరమునందే పడిపోవుచున్నారు. ఒక్క పత్రమునందే వెనుకబడినవారికి కొన్ని షరతులకు లోబడి దానినొక్కదానినే మరల వ్రాయు వీలు కలదు. మొత్తము మీద అవకాశములు అయిదే.

ఉదయమున కోర్టు, సాయంకాలమున కక్షిదారులు, రాత్రి మరునాటి ఫైళ్లు. ఈ నడుమ చదువునకు సమయము చేసికొనుట యువ న్యాయవాదులకు దుస్సాధ్యము. అందునను మన జిల్లాలనుండి పోయినవారి కష్టము రెట్టింపు. సంవత్సరము పాటు ఢిల్లీలో అద్దె యిచ్చుకొని, జూనియరునకు దొరకు స్వల్ప భృతితో నెట్టుకొనివచ్చుట అందరికిని శక్యము కాదు. భాష మరియొక భారము. రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము సుప్రీంకోర్టు వ్యవహారమంతయు ఇంగ్లీషుననే జరుగవలయును. తెలుగున చదువుకొని, తెలుగున సాక్షులను విచారించిన న్యాయవాది మూడు గంటలసేపు నిర్దుష్టమైన ఇంగ్లీషున వ్రాయవలయును. ఐనను ఈ భారమునకు వెనుక ఒక ప్రయోజనమును చూడక తప్పదు. అడంగల్ నకలు, విక్రయ దస్తావేజు, సాక్షి వాంగ్మూలము, ఇవన్నియు తెలుగునుండి అనువాదమై న్యాయమూర్తుల చేతికి పోవలసినవే. ఆ అనువాదమున ఒక సరిహద్దు తారుమారైనచో పట్టుకొనగలవాడు రెండు భాషలెరిగిన మనవాడే. కావుననే తెలుగు న్యాయవాదులు మరింతమంది ఈ పరీక్షకు పూనుకొనవలెననియు, అందుకై రాష్ట్ర బార్ కౌన్సిళ్లు శిక్షణాకాలమున యువకులకు వేతనమిచ్చి ఆదుకొనవలెననియు నేను గట్టిగా కోరుదును.

నెగ్గినవారు న్యాయస్థాన భవనమునకు 16 కిలోమీటర్ల లోపల ఢిల్లీలో ఆఫీసు కలిగియుండి, నెలలోపల రిజిస్టరైన గుమాస్తాను నియమించుకొందునని హామీ ఇచ్చి, 250 రూపాయల రుసుము చెల్లించి నమోదు చేసికొందురు. ఇంత శ్రమించి సంపాదించిన సంతకమును, కేసు చదువకయే, కక్షిదారుని ముఖము చూడకయే, ఇతరులు వ్రాసితెచ్చిన కాగితముల క్రింద పెట్టి కొంత సొమ్ము పుచ్చుకొను దురాచారము కొందరిలో ప్రబలుటను సుప్రీంకోర్టు పలు తీర్పులలో తీవ్రముగా గర్హించినది. ఊరక పేరు అరువిచ్చుట, విచారణనాడు తగిన కారణము లేక రాకపోవుట దుష్ప్రవర్తనమే యగునని నియమావళియందు స్పష్టముగా వ్రాయబడియున్నది. నా మట్టుకు నేను ఈ దోషమును పరీక్షలో తప్పుటకంటె ఎన్నోరెట్లు గురుతరమని భావింతును. పరీక్ష తప్పినవాడు తనకొక్కనికే నష్టము చేసికొనును. సంతకమును అరువిచ్చినవాడు, ఎన్నడును చూడని ఒక కుటుంబపు భూమిని పోగొట్టవచ్చును.

కావున ఢిల్లీకి కేసు పంపుకొను తెలుగు కక్షిదారులు, తమ వకాల్తాలో ఏ అడ్వొకేట్-ఆన్-రికార్డు పేరు వ్రాయబడెనో అడిగి తెలిసికొనవలయును. వీలైనచో ఒక్కసారియైనను ఫోనులో స్వయముగా మాట్లాడవలయును. మధ్యనున్న న్యాయవాది అందుకు సంకోచించినచో, ఎందుకని అడుగుటకు భయపడవలసిన పనిలేదు. పిటిషను దాఖలైనంతనే దానికొక డైరీ నంబరు వచ్చును. ఆ నంబరును, సంవత్సరమును సుప్రీంకోర్టు వెబ్‌సైటులో పెట్టి చూచినచో, కేసు ఏ దశలోనున్నది, లోపములు సవరింపబడెనా లేదా, తమ పక్షమున నమోదైన న్యాయవాది ఎవరు అను వివరములు ఊరిలో కూర్చుండియే ఎవరైనను చదువుకొనవచ్చును.